అప్పు ఎగ్గొడితే పోలీసులు కేసు ఎందుకు కట్టరు?

అప్పు ఎగ్గొట్టినవాడి మీద స్టేషన్‌కి వెళ్తే "ఇది సివిల్ మ్యాటర్, కోర్టుకెళ్ళండి" అన్నారు, ఇది మోసం కాదా అని అడిగారు. మా బాబాయికి అచ్చం ఇదే జరిగింది.

అప్పు తీర్చలేకపోవడం దానంతట అది నేరం కాదండి. తీసుకునేటప్పుడే ఎగ్గొట్టే ఉద్దేశంతో, దొంగ కాగితాలు చూపించో లేని ఆస్తి ఉందని నమ్మించో తీసుకుంటే అది చీటింగ్, అంటే పాత 420, 2024 జులై నుంచి ఐపీసీ బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్‌లో (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 318. బాబాయి దగ్గర తీసుకున్నాయన మొదట్లో వడ్డీ సరిగ్గానే కట్టి, మిర్చి రేటు పడిపోయాక చేతులెత్తేశాడు. ఇందులో చీటింగ్ ఎక్కడుంది? ఎస్సైగారు తిప్పి పంపడం సబబే.

క్రిమినల్ కేసు నడిపేది మామూలుగా ప్రభుత్వం, మీరు అందులో సాక్షి మాత్రమే, పైగా సందేహానికి తావులేకుండా రుజువు కావాలి. అన్నీ కుదిరినా వాడికి శిక్ష పడుతుంది, మీ బాకీ వసూలవుతుందన్న గ్యారంటీ లేదు. డబ్బు కావాలంటే కోర్టు ఫీజు కట్టి దావా వేయాల్సిందే. అక్కడ ఎవరి మాట ఎక్కువ నమ్మేలా ఉంటే తీర్పు అటు మొగ్గుతుంది.

బాబాయి దావాకి వెళ్తే లాయరుగారు చేసిన మొదటి పని, ప్రామిసరీ నోటు తిరగేసి వెనక చూడటం. రాసి మూడేళ్ళు దాటింది, మామూలుగా అయితే కాలదోషం పట్టినట్టే, అంటే దావా వేసే గడువు అయిపోయినట్టే. కానీ గడువులోపే పదివేలు ముట్టినట్టు చెల్లు రాసి బాకీదారు సంతకం పెట్టి ఉంది, దాంతో ఆ తేదీ నుంచి మళ్ళీ మూడేళ్ళు లెక్క. ఆ సంతకం లేకపోతే నోటు చిత్తు కాగితమే.

చెక్కు ఉంటే సంగతి వేరు. బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద అది నేరమే, కానీ పోలీసులతో పనిలేదు, నేరుగా మెజిస్ట్రేట్ కోర్టులో వేయాలి. బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లోపు నోటీసివ్వాలి, అది అందాక 15 రోజుల్లో కట్టకపోతే ఆపై నెలలోపు కంప్లయింట్. దావా కూడా పక్కనే నడుపుకోవచ్చు.

డిక్రీ (దావాలో కోర్టు తీర్పు) వచ్చాక కూడా వాడు కట్టకపోతే దాన్ని అమలు చేయించమని ఈపీ (ఎగ్జిక్యూషన్ పిటిషన్) వేయాలి, అదో పెద్ద తలనొప్పి. మా బాకీదారు ఇంటిస్థలం అమ్మేస్తున్నాడని తెలిసి, లాయరుగారు దావాతోపాటే అటాచ్‌మెంట్, అంటే ఆ స్థలం అమ్మకుండా కోర్టు జప్తు కూడా అడిగారు. అది పడ్డాకే ఆయన రాజీకొచ్చాడు.

ఇంతకీ మీ దగ్గరున్నది నోటా, చెక్కా, ఉత్త ఫోన్‌పే మెసేజా? తేదీలతో చెప్పండి.