టీబీ మందులతో పాటు కర్క్యుమిన్ క్యాప్సూల్స్ వేయొచ్చా?

నాన్నగారికి ఊపిరితిత్తుల టీబీకి నాలుగు మందులు మొదలై మూడు వారాలైంది, ఇన్‌ఫ్లమేషన్ (ఒంట్లో వాపు, మంట) తగ్గడానికి పసుపులోని కర్క్యుమిన్ అనే పదార్థం క్యాప్సూల్స్ వేయొచ్చా అని అడిగారు. వంటలో పడే పసుపుకి భయపడక్కర్లేదు. క్యాప్సూల్స్ మాత్రం కోర్సు అయ్యేదాకా వద్దు.

పసుపు పొడిలో కర్క్యుమిన్ సుమారు 3 శాతమే. 3 గ్రాముల చెంచాడు వేసినా 100 మి.గ్రా. దాటదు. కర్క్యుమిన్ 95 శాతం ఉన్న సారంతో చేసిన 500 మి.గ్రా. క్యాప్సూల్ ఒక్కటే 475 మి.గ్రా. ఇస్తుంది. అది ఒంటికి సరిగా పట్టదని చాలా కంపెనీలు మిరియాల్లోని పైపరిన్ కలుపుతాయి. లేబుల్‌ మీద ముందు వెతకాల్సింది ఆ పేరే. 1998లో మనుషుల మీద చేసిన పరీక్షలో 20 మి.గ్రా. పైపరిన్ తోడైతే 2 గ్రాముల కర్క్యుమిన్ 20 రెట్లు ఎక్కువగా రక్తంలోకి చేరింది. పక్కనున్న మందుల్నీ అది అలాగే పెంచగలదు. భారత్‌లో 2009లో వచ్చిన ఒక టీబీ మాత్రలో 10 మి.గ్రా. పైపరిన్ కలిపి, నాలుగు మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్‌ని 450 నుంచి 200 మి.గ్రా.కి దించింది అందుకే. నాన్నగారు వేసుకునేది పూర్తి మోతాదు, దాని మీద మళ్లీ పైపరిన్ ఎందుకు?

ఇక లివర్. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరాజినమైడ్ మూడూ దాన్ని దెబ్బతీయగలవి. పసుపు సారం సప్లిమెంట్లతో లివర్ దెబ్బతిన్న కేసులూ నమోదయ్యాయి. లక్షణాలుండి ఏఎల్‌టీ (లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) మామూలు గరిష్ఠానికి 3 రెట్లు, లక్షణాల్లేకుండా 5 రెట్లు దాటితే డాక్టర్ లివర్‌కి హాని చేసే మందులన్నీ ఆపేస్తారు. తగ్గాక ఒక్కొక్కటే మళ్లీ మొదలుపెట్టాలి. సప్లిమెంట్ కూడా ఉంటే తప్పు దేనిదో తేలదు, చికిత్స వారాల తరబడి ఆగుతుంది.

ఇన్‌ఫ్లమేషన్‌ని రగిలించే ఎన్‌ఎఫ్-కప్పా-బీ అనే ప్రొటీన్‌ని కర్క్యుమిన్ అణిచేస్తుందన్నది నిజమే, ల్యాబ్‌లో టీబీ సోకిన మాక్రోఫేజ్ కణాల్లో (క్రిముల్ని మింగే రక్షక కణాలు) క్రిములూ తగ్గాయి. కానీ ఇన్‌ఫ్లమేషన్ అంతా శత్రువు కాదు. క్రిముల చుట్టూ కట్టే గ్రాన్యులోమా గోడ నిలబడాలంటే ఇన్‌ఫ్లమేషన్ పుట్టించే టీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్ కావాలి. దాన్ని అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందు తీసుకున్నవాళ్లలో నిద్రపోతున్న టీబీ లేచిందని 2001లోనే బయటపడింది. మెదడు పొరల టీబీలో ఇన్‌ఫ్లమేషన్ తగ్గించడానికి స్టెరాయిడ్ ఇస్తారు, అయితే అది కొలిచి, వారం వారం తగ్గిస్తూ ఇచ్చేది.

ఇప్పటికే వేస్తుంటే ఆపి, సీసాతో సహా డాక్టర్‌కి చూపించండి. మూత్రం నారింజ రంగులో వస్తే కంగారొద్దు, అది రిఫాంపిసిన్ రంగు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, అన్నం సహించకపోయినా మాత్రం తర్వాతి డోసు వేయకముందే అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.