195 పౌండ్ల కుర్రాడి గురించి: ఒక యువ రచయితకు లేఖ

తమ్ముడికి,

బాస్కెట్‌బాల్ ఆటగాడు చెట్ హోమ్‌గ్రెన్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. 2022 జూన్ 23 నాటి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌కి (ఆ అమెరికా లీగ్ జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే రోజు; ఒక్కో ఎంపికనీ పిక్ అంటారు) ముందురోజు కూర్చుని రాసినట్టు రాశావు. పాత డ్రాఫ్ట్ మీద చెయ్యి సాధన చేసుకోవడం మంచి పద్ధతి. తరవాత జరిగిందేమిటో తెలుసు కాబట్టి ఏ వాదన నిలబడింది, ఏది తేలిపోయింది సరిచూసుకోవచ్చు.

అయితే వ్యాసంలో సగం ఒకే మాట చుట్టూ తిరిగింది: కుర్రాడు బాగా సన్నం. 7 అడుగుల 1 అంగుళం, 195 పౌండ్లు, అంటే 88 కిలోలు. ఆ సంగతి తూకం మిషన్ చెప్పేస్తుంది. ఆ ఒంటితో అతను ఎన్‌బీఏ కోర్టులో ఏ పని చేయగలడు, ఏ పనికి ఇంకొకరి సాయం కావాలి అన్నది చెప్పడానికే రచయిత కావాలి. నీకు చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే. మిగతాదంతా ఆ పని ఎలా చెయ్యాలన్నది.

ముందు ఒక మాట తీసెయ్యి. రెండుచోట్ల 'వెదురు బద్ద' అన్నావు. ఇరవై ఏళ్ల కుర్రాడి ఒంటి గురించి రాస్తున్నాం. అది అతని వృత్తి కాబట్టే మనకు ఆ ఒంటి గురించి మాట్లాడే హక్కు వచ్చింది, వెక్కిరించే హక్కు రాలేదు. పైగా అలాంటి మాట పడగానే పాఠకుడు నవ్వుకుని ముందుకెళ్లిపోతాడు. ఆ తరవాత నువ్వు చెప్పే అసలు విషయం అతని చెవికెక్కదు.

కొలతల దగ్గర జాగ్రత్తగా ఉండు. ఏ అంకె ఎక్కడిదో తెలుసుకోకుండా వాడొద్దు. కాలేజీ జట్టు ప్రకటించే ఎత్తు ఒకటి, డ్రాఫ్ట్‌కి ముందు మే నెలలో షికాగోలో ఆటగాళ్లను పరీక్షించే కంబైన్‌లో బూట్లు లేకుండా కొలిచేది మరొకటి. రెండిటికీ ఒక అంగుళం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే తేడా వస్తుంది. ఎత్తు కన్నా ముఖ్యమైనది నిలబడి చెయ్యెత్తితే అందే ఎత్తు. రింగు 10 అడుగుల మీద ఉంటుంది. 2019 కంబైన్‌లో బోల్ బోల్ ఈ కొలత 9 అడుగుల 7.5 అంగుళాలు. అంటే కాళ్లు నేల వదలకుండానే రింగుకి నాలుగున్నర అంగుళాల దూరం. అయినా అతను 44వ పిక్ దాకా జారాడు. కాలేజీ సీజన్ మధ్యలో పాదంలో ఎముక చిట్లింది, దానికి తోడు ఆటలో నిలకడ మీద జట్లకు అనుమానాలున్నాయి. కొలత తలుపు తెరుస్తుంది, అంతవరకే. కాబట్టి వ్యాసంలో కొలతలకు ఒక పేరా చాలు.

ఇప్పుడు బలం సంగతి. నువ్వు 'బలం చాలదు' అని వదిలేశావు. ఎక్కడ చాలదు? 2007లో కెవిన్ డ్యూరాంట్ కంబైన్‌లో 185 పౌండ్ల బరువుని బెంచ్ ప్రెస్‌లో ఒక్కసారి కూడా ఎత్తలేకపోయాడు. అదే డ్రాఫ్ట్‌లో అతని కన్నా ముందు, మొదటి పిక్‌గా వెళ్లిన గ్రెగ్ ఓడెన్ 250 పౌండ్ల మనిషి. డ్యూరాంట్ మొదటి ఏడాదే రూకీ ఆఫ్ ద ఇయర్ (ఉత్తమ కొత్త ఆటగాడు) అయ్యాడు, 2014లో ఎంవీపీ, అంటే లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు. మోకాళ్లు దెబ్బతిన్న ఓడెన్ మొత్తం మీద ఆడినవి 105 మ్యాచ్‌లు. దీన్ని పట్టుకుని సన్నగా ఉంటేనే మేలని రాసేవు, అది మరో తప్పు. నేర్చుకోవాల్సింది ఒకటే. డ్యూరాంట్ ఆటకు కావలసిన బలం ఛాతీలో లేదు. దూరం నుంచి, ఎవరి చెయ్యీ అందని ఎత్తులో బంతి వదిలేవాడికి బెంచ్ ప్రెస్ పరీక్ష దాదాపు సంబంధం లేనిది.

బలాన్ని చూడాల్సింది నడుము దగ్గర, కాళ్ల దగ్గర. హోమ్‌గ్రెన్ ఆడిన గొంజాగా కాలేజీ జట్టు 2022 మార్చిలో మెంఫిస్‌తో ఆడిన మ్యాచ్ పెట్టుకో. అటువైపు జేలెన్ డ్యూరెన్, 250 పౌండ్ల సెంటర్, అంటే రింగు దగ్గర ఆడే పొడుగాటివాడు. ఈసారి బంతిని చూడకు. పోస్ట్‌లో, అంటే రింగుకి దగ్గరి చోట, బరువైనవాడు వెన్ను ఆనించి నెట్టేటప్పుడు, కాపు కాసేవాడి పాదాలు భుజాల కన్నా వెడల్పుగా ఉన్నాయా, మోకాళ్లు వంగాయా చూడు. పొడుగు కాళ్లవాడికి నడుము ఎత్తులో ఉంటుంది. అవతలివాడి తుంటి దాని కిందికి దూరిందంటే బరువంతా మడమల మీదికి పోతుంది, ఆ వెంటనే ఒక అడుగు వెనక్కి పడుతుంది. బంతి ఎక్కడ చేతికందిందో గుర్తుపెట్టుకో: రింగుకి ఎనిమిది అడుగుల దూరంలోనా, మూడు అడుగుల్లోనా? ఎనిమిది అడుగుల్లో అందితే కాపు కాసేవాడు నెగ్గినట్టే, ఆ తరవాత ఒక అడుగు వెనక్కి జరిగినా ఫర్వాలేదు.

ఇక్కడే చాలామంది చూపు తప్పుతుంది. సన్నటి పొడుగాటి ఆటగాడు వెనక్కి జరిగాడా అన్నదొక్కటే రాస్తే సగం సంగతే రాసినట్టు. జరిగాక ఏం చేశాడన్నది మిగతా సగం. చేతులు అంత పొడుగున్నవాడు రెండడుగులు ఇచ్చుకుని కూడా షాట్‌కి అడ్డం రాగలడు. కాబట్టి నోట్‌బుక్‌లో మూడు గడులు గీసుకో: బంతి అందిన చోటు, ఎన్ని అడుగులు వెనక్కి జరిగాడు, షాట్ చెదిరిందా లేదా. ఇలాంటి పొసెషన్లు (బంతి ఒక జట్టు చేతిలో ఉన్న ఒక్కో విడత) కనీసం ఇరవై, నాలుగైదు మ్యాచ్‌ల నుంచి ఏరు. ఒక్క మ్యాచ్ నుంచే తీస్తే అది ఆ రోజు ఎదురైన ఒక్క మనిషి గురించి చెబుతుంది.

ఇంతా చేశాక పోస్ట్‌కి వ్యాసంలో పెద్ద పీట వెయ్యొద్దు. ఇవాళ ఎన్‌బీఏలో అలా ముగిసే దాడులు కొద్ది భాగమే. సన్నటి ఒంటికి అసలు పరీక్ష ఎదురయ్యే చోట్లు వేరే ఉన్నాయి. షాట్ గాల్లోకి లేవగానే అవతలివాణ్ణి వెన్నుతో అడ్డుకునే బాక్స్ అవుట్ ఒకటి. తన జట్టులో బంతి నడిపే గార్డ్‌కి దారి దొరికేలా అవతలివాడికి అడ్డం నిలబడే స్క్రీన్ మరొకటి. నిలబడి గుద్దు కాస్తున్నాడా, తగలకముందే జారిపోతున్నాడా? మూడోది, బంతితో రింగు వైపు దూసుకెళ్లేటప్పుడు తుంటి దగ్గర తగిలే చిన్న తోపు. ఆ తోపుకి దారి ఒక అడుగు పక్కకి మళ్లిందంటే రింగు కింద పడాల్సిన లేఅప్ కాస్తా ఒంటికాలి మీద ఆరడుగుల షాట్‌గా మారుతుంది. స్కోర్‌షీట్‌లో అది మామూలు 'మిస్'. ఎందుకు మిస్ అయిందో వీడియో చూసినవాడికే తెలుస్తుంది.

కాలేజీ అంకెల్ని ఎన్‌బీఏకి మోసుకెళ్లేటప్పుడు రెండు చోట్లా నియమాలు వేరని పాఠకుడికి చెప్పాలి. నీ వ్యాసంలో ఇది పూర్తిగా తప్పిపోయింది. మ్యాచ్‌కి 3.7 బ్లాకులు (అవతలివాడి షాట్‌ని గాల్లోనే అడ్డుకోవడం) అని గొప్పగా రాశావు. కాలేజీలో కాపు కాసే జట్టు పొడుగాటివాడు రింగు ముందు ఎంతసేపైనా పాతుకుని నిలబడొచ్చు. ఎన్‌బీఏలో, దగ్గరలో ఎవరినీ కాపు కాయకుండా పెయింట్‌లో (రింగు ముందు రంగు వేసిన చోట) మూడు సెకన్లు దాటి నిలబడితే తప్పు, అవతలి జట్టుకి ఫ్రీ త్రో. 2001-02 నుంచి ఉన్న నియమమిది. పైగా ఎన్‌బీఏ పెయింట్ 16 అడుగుల వెడల్పు, కాలేజీది 12. మూడు పాయింట్ల గీత కూడా ఇంకా వెనక, నడిమధ్యలో 23 అడుగుల 9 అంగుళాలు. అంటే అతను కాపు కాయాల్సిన నేల పెరిగింది, నిలబడే సమయం తగ్గింది. హోమ్‌గ్రెన్ ఎన్‌బీఏ మొదటి సీజన్‌లో బ్లాకులు 2.3కి, రీబౌండ్లు (తప్పిన షాట్ బంతిని అందుకోవడం) 9.9 నుంచి 7.9కి వచ్చాయి. తగ్గినా అది చాలా మంచి సీజనే. అలాగని తగ్గడం తప్పనిసరీ కాదు. అంతర్జాతీయ నియమాలతో ఆడే ఫ్రెంచ్ లీగ్‌లో విక్టర్ వెంబన్యామా మ్యాచ్‌కి సుమారు 3 బ్లాకులు చేశాడు, ఎన్‌బీఏకి వచ్చిన తొలి ఏడాదే 3.6తో లీగ్‌లో మొదటివాడయ్యాడు. అందుకే నియమాల తేడా చెప్పు, ఈ ఒక్క ఆటగాడి కాళ్లు ఆ తేడాని తట్టుకుంటాయా లేదా కూడా చెప్పు.

ఫౌల్స్ గురించి ఒక వాక్యమైనా ఉండాలి. ఆర్కన్సా చేతిలో గొంజాగా ఓడిన మ్యాచ్‌లో హోమ్‌గ్రెన్ అయిదు ఫౌల్స్‌తో బయటికి వెళ్లాడు. కాలేజీలో 40 నిమిషాలకు అయిదు, ఎన్‌బీఏలో 48 నిమిషాలకు ఆరు. బలం చాలక చేసిన ఫౌలా, లేటుగా గెంతి చేసిన ఫౌలా అని విడదీసి రాయి. రెండోది నేర్పితే పోతుంది.

షాట్ దగ్గర నీ లెక్క నన్ను కంగారుపెట్టింది. '39 శాతం త్రీ పాయింటర్లు వేశాడు, కాబట్టి షూటర్' అన్నావు. అవి 105 ప్రయత్నాల్లో 41. నిజంగా 34 శాతం మాత్రమే వేయగలవాడు 105 సార్లు వేస్తే సగటున 36 పడతాయి. అలాంటివాడికి 41 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడే అవకాశం ఆరింట ఒకటి దాకా ఉంది. అంటే మంచి షూటర్‌కీ మామూలు షూటర్‌కీ మధ్య తేడా ఇక్కడ అయిదు బంతులు. అంత చిన్న సంఖ్య మీద అంత పెద్ద మాట కట్టొద్దు. పక్కన ఫ్రీ త్రో శాతం పెట్టు, అతనిది సుమారు 72. అది బాగుందనీ కాదు, బాగాలేదనీ కాదు. ఆపైన చేతి కదలిక చూడు: బంతి వదిలే ఎత్తు మారుతోందా, కాలు నిలదొక్కుకున్నప్పుడూ పరిగెత్తుతూ ఆగినప్పుడూ ఒకే తీరున వేస్తున్నాడా? ఇవన్నీ కలిపి 'ఎన్‌బీఏలో 34కీ 38కీ మధ్య ఉంటాడనిపిస్తోంది' అని రాస్తే అది నిజాయితీ గల వాక్యం. మొదటి సీజన్‌లో 37 వేశాడు.

గాయాల గురించి నువ్వు రాసిన పేరా పూర్తిగా తీసెయ్యి. 'ఈ ఒళ్లు 82 మ్యాచ్‌లు తట్టుకోదు' అన్నావు. ఏ ఎముక, ఏ కీలు, ఎందుకు? డాక్టర్ రిపోర్టు మన చేతిలో ఉండదు, జట్ల చేతిలో ఉంటుంది. తరవాత జరిగింది చూడు. 2022 ఆగస్టులో సియాటిల్‌లో ఒక ప్రదర్శన మ్యాచ్‌లో లెబ్రాన్ జేమ్స్‌ని ఆపబోయి కుడి పాదం మధ్యభాగం దెబ్బతిని ఆ సీజనంతా పోయింది. చూశారా, మేం చెప్పలేదా అన్నారు చాలామంది. మరుసటి సీజన్‌లో 82కి 82 మ్యాచ్‌లూ ఆడాడు. 2024 నవంబర్‌లో గాల్లోంచి పడి తుంటి ఎముక విరిగింది, ఫిబ్రవరికి తిరిగొచ్చాడు. 2025 ఫైనల్స్ ఏడో మ్యాచ్‌లో అయిదు బ్లాకులు చేసి తనను డ్రాఫ్ట్‌లో తీసుకున్న ఓక్లహోమా సిటీ జట్టుతో కలిసి ట్రోఫీ ఎత్తాడు. ఇందులో ఏది సన్నదనం వల్ల, ఏది ఎత్తు వల్ల, ఏది పడిన తీరు వల్ల అన్నది వీడియో చూసి తేల్చగల విషయం కాదు. చెప్పగలిగింది చెప్పు: ఇంతకుముందు ఏ గాయమైంది, ఎన్ని మ్యాచ్‌లు పోయాయి, మళ్లీ అదే చోట అయిందా.

అన్నిటికన్నా నీ వ్యాసానికి లోటు జట్టు. ఆటగాణ్ణి గాల్లో నిలబెట్టి కొలిచావు. గొంజాగాలో అతని పక్కన డ్రూ టిమ్మీ అనే సెంటర్ ఉండేవాడు. బరువైనవాళ్లతో కుస్తీ చాలావరకు టిమ్మీది, పక్క నుంచి వచ్చి బ్లాక్ చెయ్యడం హోమ్‌గ్రెన్ పని. ఓక్లహోమా మొదట అతన్ని ఒంటరి సెంటర్‌గా ఆడించింది. 2024 వేసవిలో 250 పౌండ్ల ఐజయా హార్టెన్‌స్టైన్‌ని తెచ్చుకుంది. కుర్రాడు మారేదాకా ఆగకుండా జట్టే పక్కన మనిషిని పెట్టింది. 2022లో కూర్చుని రాసేవాడు దీన్ని పేరుతో సహా ఊహించలేడు. కానీ 'పక్కన బరువైనవాడు ఉంటే ఇతను రెట్టింపు విలువ చేస్తాడు, అలాంటివాడు లేని జట్టు ముందు ఆ ఖర్చు లెక్కేసుకోవాలి' అని మాత్రం రాయగలడు. నీ వ్యాసంలో నేను వెతికిన వాక్యం అదే.

దానితో కాంట్రాక్టునీ ముడిపెట్టు. మొదటి రౌండ్‌లో ఎంపికైనవాడికి రెండేళ్ల జీతం ఖాయం, మూడో ఏడూ నాలుగో ఏడూ జట్టు ఇష్టం. మూడో ఏడాది ఉంచుకుంటారా లేదా అన్నది రెండో సీజన్ మొదలవుతూనే, అక్టోబర్ 31 లోపు చెప్పేయాలి. 'మూడేళ్లలో ఒళ్లు పడుతుంది' అని రాసేటప్పుడు ఆ మూడేళ్లు ఎవరు ఇస్తారో కూడా చెప్పాలి. పునర్నిర్మాణంలో ఉన్న జట్టు ఇస్తుంది, కోచ్ ఉద్యోగం మీదికొచ్చిన జట్టు ఇవ్వదు.

పోలికలు రెండు మించొద్దు, ఒకటి నెగ్గినవాడు, ఒకటి నెగ్గనివాడు. నువ్వు డ్యూరాంట్‌నీ యానిస్ ఆంటెటోకుంపోనీ తెచ్చి, సన్నగా వచ్చి దేశాన్నేలినవాళ్లను మాత్రమే లెక్కేశావు. 2020లో 17వ పిక్‌గా అదే ఓక్లహోమాకి వచ్చిన అలెక్సే పొకుషెవ్‌స్కీని ఎందుకు వదిలావు? ఏడడుగుల ఎత్తు, 190 పౌండ్లు, హోమ్‌గ్రెన్‌ని ఎంచుకున్న ఓక్లహోమా జట్టు అధికారి శామ్ ప్రెస్టీయే అతన్నీ ఎంచుకున్నాడు. మొదటి సీజన్‌లో వేసిన షాట్లలో పడినవి 34 శాతం. ఇద్దరి బరువూ ఇంచుమించు ఒకటే. తేడా ఎక్కడుందో రాయి: రింగు దగ్గర ముగించడంలో, ఏ షాట్ వేయకూడదో తెలియడంలో, కాపు కాసేటప్పుడు ఒక చోట నిలబడి ఓపిక పట్టడంలో. ఆ పేరా రాయగలిగితే బరువు గురించి వేరే రాయనక్కర్లేదు.

చివర్లో తప్పించుకోకు. 'కాలమే చెప్పాలి' అన్న వాక్యం కొట్టేశాను. పిక్ నంబర్ చెప్పు, ఎందుకో చెప్పు, ఏది జరిగితే నీ మాట తప్పవుతుందో కూడా చెప్పు. నాకైతే ఆ రోజున అతన్ని మొదటి ముగ్గురిలో పెట్టడానికి బ్లాకుల సంఖ్య కన్నా, వెనక్కి నెట్టించుకున్నాక కూడా షాట్‌ని చెదరగొట్టిన పొసెషన్లే గట్టి ఆధారం. అదే డ్రాఫ్ట్‌లో ఉన్న పావ్లో బాంకెరోకి 250 పౌండ్లున్నాయి, ఒర్లాండో అతన్నే మొదట తీసుకుంది, అదీ తప్పు నిర్ణయమని నేననను. ఇద్దరూ రెండు వేర్వేరు అవసరాలు తీర్చేవాళ్లు.

తిరగరాసేటప్పుడు పోస్ట్ పేరా తగ్గించి బాక్స్ అవుట్ పేరా పెంచు. ఆర్కన్సా మ్యాచ్‌నీ మెంఫిస్ మ్యాచ్‌నీ ముందు శబ్దం లేకుండా చూడు, వ్యాఖ్యాతల మాటలు నీ వాక్యాల్లోకి దూరకుండా ఉంటాయి. రెండో ప్రతితో పాటు ఆ ఇరవై పొసెషన్ల పట్టిక కూడా పంపు. ముందు పట్టిక చదివి, తరవాత వ్యాసం చదువుతాను.

ఆశీస్సులతో,
నీ అన్నయ్య