అబ్బాయి ఏ స్థాయి జట్టులో ఆడాలి?

ప్రశ్న: మేము టెక్సస్‌లో ఉంటాం. మా అబ్బాయి పదకొండో తరగతి చదువుతున్నాడు. బేస్‌బాల్‌లో కుడిచేతి పిచర్, అంటే బంతి విసిరేవాడు. బంతి వేగం గంటకు 82 మైళ్లు. కళాశాల క్రీడల్లో పై స్థాయి అయిన డివిజన్ 1 కళాశాలలో ఆడాలన్నది మా కోరిక. కోచ్ మాత్రం మూడో స్థాయి అయిన డివిజన్ 3 చూసుకోమంటున్నారు. చిన్నప్పటి నుంచి శిక్షణకూ టోర్నమెంట్లకూ పోసిన డబ్బంతా ఇందుకేనా అన్నాను. అప్పటి నుంచి వాడు నాతో సరిగా మాట్లాడటం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: కోచ్ ఏమన్నారో రాశారు, మీరేమన్నారో రాశారు. అబ్బాయికి ఏం కావాలో మాత్రం మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ముందు అది తెలుసుకోండి. అంతకన్నా ముందు, డబ్బు ప్రస్తావన తెచ్చినందుకు బాధపడుతున్నానని వాడికి చెప్పండి. ఆ వయసు పిల్లలు అలాంటి మాటను ‘నీ వల్ల మాకు నష్టం’ అనే అర్థం చేసుకుంటారు. దాన్ని మనసులో పెట్టుకుని మైదానంలోకి దిగడం వాడికి చాలా కష్టం.

కోచ్ మీ అబ్బాయిని చిన్నచూపు చూడలేదు. డివిజన్ 1లో కుడిచేతి పిచర్లు చాలామంది 90 మైళ్ల దరిదాపుల్లో విసురుతారు. మీవాడు ఇంకా ఎదిగే వయసులోనే ఉన్నాడు, వేగం పెరగవచ్చు. కానీ 2025 నుంచి అక్కడి చాలా కళాశాలల్లో జట్టును 34 మందికే పరిమితం చేశారు. వేరేచోట రెండు మూడేళ్లు ఆడి బదిలీ మీద వచ్చే 21, 22 ఏళ్ల యువకులతో అప్పుడే బడి దాటిన కుర్రవాడు పోటీపడాలి. చోటు దొరికినా తొలి ఏడాది బెంచీ మీదే గడిచిపోవచ్చు. ఆడితేనే కదా ఆట పెరిగేది!

డివిజన్ 3లో క్రీడా స్కాలర్‌షిప్పులు ఉండవు. చదువును బట్టి, కుటుంబ ఆదాయాన్ని బట్టి సాయం దొరుకుతుంది. డివిజన్ 1లోనూ బేస్‌బాల్‌కు పూర్తి ఫీజు స్కాలర్‌షిప్పు దక్కేది కొద్దిమందికే. ఏళ్ల తరబడి 11.7 పూర్తి స్కాలర్‌షిప్పులకు సమానమైన సాయాన్నే జట్టులో 27 మంది వరకూ పంచుకున్నారు. చదువుకు పేరున్న ఎంఐటీ, జాన్స్ హాప్‌కిన్స్, ఎమరీ విశ్వవిద్యాలయాలు బేస్‌బాల్ ఆడేది డివిజన్ 3లోనే. మనవాళ్ల మధ్య చెప్పుకోవడానికి డివిజన్ 1 బాగుంటుంది, నాకు తెలుసు. కానీ అక్కడ నాలుగేళ్లు గడపాల్సింది మీరు కాదు.

వేగం పెంచుకోవడానికి వ్యవధి కావాలంటే బడి అయ్యాక చేరే రెండేళ్ల జూనియర్ కళాశాల ఉంది. పేరుమోసిన పిచర్లు రోజర్ క్లెమెన్స్, ఆండీ పెటిట్ మీ టెక్సస్‌లోని అలాంటి కళాశాల శాన్ జసింటోలో ఆడినవారే.

కళాశాల కోచ్‌లకు ఈమెయిళ్లు అబ్బాయే రాయాలి, ప్రశ్నలూ అతనే అడగాలి. నిరుడు చేరిన పిచర్లు ఎన్ని ఇన్నింగ్స్ వేశారు? వారిలో ఈ ఏడాది ఎంతమంది జట్టులో ఉన్నారు? ఈసారి ఎందరు పిచర్లను తీసుకుంటున్నారు? కళాశాలలు చూడటానికి మీరు కారు నడపండి, మాట్లాడే పని అతనికి వదిలేయండి.

దారిలో ఒక్కటి అడగండి. పిచర్లకు మోచేతి గాయాలు మామూలే. రేపు చేయి దెబ్బతిని ఆట ఆగిపోయినా ఇక్కడే చదువుకోవాలని ఉంటుందా అని. అబ్బాయి అవునన్న కళాశాలలకే దరఖాస్తు పెట్టించండి.