బెర్లిన్‌లో టికెట్ కొన్నా 60 యూరోల ఫైన్ ఎందుకు పడింది

నువ్వు టికెట్ కొన్నావు కానీ ముద్ర వేయలేదు తమ్ముడూ, ఫైన్ దానికే. మన నర్సాపురం–సఖినేటిపల్లి మధ్య గోదావరి దాటించే పంటు (పెద్ద పడవ) దగ్గర టికెట్ చేతిలో ఉంటే చాలు కదా, బెర్లిన్‌లో మాత్రం స్టేషన్ మెషిన్‌లో కొన్న పేపర్ టికెట్ ముద్ర పడేదాకా చెల్లదు. అమలాపురం నుంచి ఇంటర్న్‌షిప్‌కి వెళ్ళిన పిల్లలు ఎక్కువగా ఇక్కడే దెబ్బ తింటారు.

వచ్చే ఆదివారం మళ్ళీ తిరుగుతానన్నావు కాబట్టి:

1. 24 గంటల టికెట్ తీసుకో. రైలు ఎక్కకముందే ప్లాట్‌ఫారం మీదున్న చిన్న పెట్టెలో దాన్ని దూర్చు, తేదీ, టైము పడ్డాయో లేదో కళ్ళతో చూసుకో. బస్సులో అయితే పెట్టె లోపలే ఉంటుంది. ముద్ర ఒక్కసారే, ఆ టైము నుంచే 24 గంటలు లెక్క.

2. జూ స్టేషన్ దగ్గర 100 నంబరు బస్సెక్కు. పార్లమెంటు భవనం, బ్రాండెన్‌బర్గ్ గేటు వైపుగా అలెగ్జాండర్‌ప్లాట్జ్ దాకా వెళ్తుంది, టూరిస్టు బస్సుకి డబ్బు తగలేయక్కర్లేదు.

3. పార్లమెంటు గాజు గుమ్మటం ఎక్కడం ఉచితం, కానీ ముందే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. ఈ రోజే చేసెయ్. పాస్‌పోర్టు మర్చిపోకు.

ఆదివారం సూపర్‌మార్కెట్లు దాదాపు అన్నీ మూసేస్తారు, తినడానికేమైనా శనివారమే కొనిపెట్టుకో.