తొమ్మిది వత్తులు, ఎనిమిది చప్పుళ్ళు

టెక్కలి

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. చీపురుపల్లి దగ్గర మెటల్ (కంకర రాయి) క్వారీలో, మందు పెట్టి రాయి పేల్చే బ్లాస్టర్ కింద హెల్పర్‌గా చేరావని, తర్వాత సర్టిఫికెట్ పరీక్ష కూడా రాస్తానంటున్నావని చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. "నీ మాటైతే వింటాడు అన్నయ్యా, మానెయ్యమని చెప్పు" అంది. ఆ మాట నేను చెప్పలేనురా. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ పని మీదే పిల్లల్ని చదివించాను, ఈ ఇల్లు కట్టాను. అయితే ఫోన్లో చెబితే గాలికి పోయే సంగతులు కొన్ని ఉన్నాయి. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు నా తప్పు చెబుతాను. ఇది మీ అత్తకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు.

నేను పనిలో చేరి ఆరేళ్ళయింది అప్పటికి. సేఫ్టీ ఫ్యూజ్ వత్తుల రోజులు. ఒక సాయంత్రం రాయిలో మందు కూరిన తొమ్మిది హోల్స్‌కి వత్తులు ముట్టించి, బండ చాటుకు పోయి చప్పుళ్ళు లెక్కపెట్టాను. ఎనిమిదే వినిపించాయి. కింద ఆరు లారీలు లోడు కోసం నిలబడి ఉన్నాయి. సూపర్‌వైజర్ వచ్చి "రెండు కలిసి పేలాయిలే, నేను విన్నాను, పద" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. సరిగ్గా చెప్పాలంటే, అలా అనిపిస్తే బాగుండునని ఉంది నాకు. పది నిమిషాలు కాకుండానే లోపలికి వెళ్ళాం. ఫేస్, అంటే మేం పేల్చిన రాతి గోడ, అంతా రాళ్ళు కప్పేసి ఉన్నాయి. ఏమీ కనబడలేదు. ఏమీ లేదని రాసేశాను.

మర్నాడు పొద్దున్న రాళ్ళు ఎత్తాక, డ్రిల్లర్ పాత హోల్ పక్కనే జాక్‌హ్యామర్ పెట్టాడు. ముందు రోజు పక్క హోల్ పేలినప్పుడు ఎగిరిన రాయి తొమ్మిదో వత్తిని తెంపేసింది. మందు లోపలే ఉండిపోయింది, అది అప్పుడు పేలింది. అతనికి కుడి కన్ను పోయింది, రెండు వేళ్ళు పోయాయి. తర్వాత సంతలో ఎదురుపడినప్పుడల్లా "బాగున్నావా తమ్ముడూ" అనే అడిగేవాడు. చనిపోయేదాకా నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే కొంచెం తేలికగా ఉండేదేమో నాకు.

1961 నాటి మెటాలిఫెరస్ మైన్స్ రెగ్యులేషన్స్‌లో, అంటే గనుల నియమాల్లో, ఇది స్పష్టంగా ఉంది. వత్తితో పేల్చినప్పుడు లెక్క తేలకపోతే ముప్పై నిమిషాలు ఎవరూ ఆ చోటికి వెళ్ళకూడదు. పేలని హోల్‌ని తవ్వకూడదు, అందులోంచి మందు లాగకూడదు. ఎక్కడా దానికి 30 సెంటీమీటర్ల కన్నా దగ్గరకు రాకుండా పక్కన ఇంకో హోల్ వేసి, దాన్ని పేల్చి వదిలించుకోవాలి. ఇదంతా నాకు ఆ రోజూ తెలుసు. ట్రైనింగులో బట్టీ పట్టినదే. కింద లారీల హారన్లు మోగుతుంటే ముప్పై నిమిషాలు కూర్చోవడం ఎలాగో మాత్రం నాకు ఎవరూ నేర్పలేదు. నీకు నేను నేర్పాలనుకుంటున్నది అదే.

క్వారీలో అందరి కూలీ చేసిన పని లెక్క మీద ఉంటుంది. లారీవాడికి ట్రిప్పుల లెక్క, డ్రిల్లర్‌కి అడుగుల లెక్క, ఓనర్‌కి క్రషర్ ఆగిపోతుందని టెన్షన్. వాళ్ళు తొందరపెడతారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, వాళ్ళ పని అలాంటిది. "ఇప్పుడు కాదు" అనగలిగినవాడు అక్కడ బ్లాస్టర్ ఒక్కడే. రేపు నీకు సర్టిఫికెట్ వస్తే ఆ మాట అనే హక్కు వస్తుంది. కానీ ఆ అలవాటు మాత్రం హెల్పర్‌గా ఉన్నప్పుడే రావాలి. అనుమానం వచ్చిన రోజు మీ బ్లాస్టర్‌తో చెప్పు. ఆయన విసుక్కుంటే రెండోసారి చెప్పు. మూడోసారి నువ్వు వెళ్ళకు.

మీ దగ్గర ఇప్పుడు వత్తులు ఉండవు. 2025 ఏప్రిల్ 1 నుంచి కరెంటు డిటొనేటర్లు (మందుని పేల్చే చిన్న గొట్టాలు) కూడా దేశంలో నిషేధం. నీ చేతికి వచ్చేవి కరెంటు లేకుండా పేల్చే నాన్‌ఎల్ ప్లాస్టిక్ ట్యూబులు, ఎలక్ట్రానిక్ డిటొనేటర్లు. పాతవాటి కన్నా ఎంతో నయం. అయితే వీటిలో హోల్స్ మిల్లీసెకన్ల తేడాతో వరసగా పేలతాయి, చెవికి ఒకటే ఉరుములా వినిపిస్తుంది. నాలా చప్పుళ్ళు లెక్కపెట్టడం కుదరదు. కళ్ళతోనే లెక్క తేల్చుకోవాలి. పొగ పోయాక ఫేస్ మీద ఎక్కడైనా రాయి కదలకుండా అలాగే నిలబడి ఉందా, రాళ్ళ కుప్పలో ట్యూబు ముక్క గానీ మందు ముక్క గానీ కనిపిస్తోందా, పొక్లెయిన్ రాళ్ళు తీస్తుంటే అడుగున ఏమైనా బయటపడుతోందా చూడాలి. ఆ చూపు సాయంత్రంతో అయిపోదు. రాళ్ళన్నీ ఎత్తేదాకా చూస్తూనే ఉండాలి. అనుమానం ఉంటే ఎర్ర గుర్తు పెట్టి, రిజిస్టర్లో రాసి, తర్వాతి షిఫ్ట్ మేటుకి నోటితోనూ చెప్పు. నారింజ రంగు పొగ వస్తే అది పూర్తిగా పోయేదాకా అందులోకి దిగకు. అది ఊపిరితిత్తుల్ని కాలుస్తుంది, బాధ తెలిసేది కొన్ని గంటల తర్వాత.

మందు విషయంలో మీది అదృష్టమే. మా రోజుల్లో జిలెటిన్ పట్టుకున్న చేత్తో నుదురు తుడుచుకుంటే రాత్రంతా తలపోటు. అందులో నైట్రోగ్లిజరిన్ ఉండేది. అలాంటి మందు తయారీ 2004 ఏప్రిల్ నుంచి ఆపేశారు. ఇప్పటి స్లర్రీ, ఎమల్షన్ మందులు చిన్న దెబ్బకు పేలవు. అదే చూసి కుర్రాళ్ళు వాటిని సిమెంటు బస్తాల్లా విసిరేస్తున్నారు. కడప జిల్లా మామిళ్ళపల్లెలో 2021 మే 8న పేలుడు పదార్థాలు దించుతుండగానే పేలి పది మంది పోయారు. దించేటప్పుడు తొందర వద్దు, విసరొద్దు. డిటొనేటర్లూ మందూ ఒకే పెట్టెలో, ఒకే మనిషి చేతిలో వెళ్ళకూడదు. హోల్‌లో కూరడానికి చెక్క కర్రే వాడాలి. ఇనప గొట్టం దగ్గర్లో ఉంది కదా అని తీశావంటే నా మేనల్లుడివి కావు.

డ్రిల్లర్‌తో స్నేహంగా ఉండు. ఇది రూల్సులో రాయరు గానీ, నేను నేర్చుకున్న వాటిలో పెద్దది ఇదే. రాయి లోపల ఎలా ఉందో చేతులతో తెలుసుకునేది అతనొక్కడే. ఏ హోల్‌లో రాడ్ ఒక్కసారిగా జారింది, ఎక్కడ మట్టి పొర తగిలింది, ఎక్కడ నీళ్ళొచ్చాయి, పొద్దున్నే అతని పక్కన కూర్చుని టీ తాగుతూ అడుగు. కాగితం మీద రాసుకో. మన టెక్కలి నీలం గ్రానైట్ బ్లాకుల క్వారీల్లో మందుతో పని తక్కువ. రాయి చిట్లితే ధర పోతుంది కాబట్టి ఇప్పుడు డైమండ్ వైర్‌తో కోస్తారు. మీ మెటల్ రాయి అలా కాదు, పగుళ్ళతో, మట్టి సందులతో ఉంటుంది. లెక్క కన్నా ఎక్కువ మందు మింగుతున్న హోల్ అంటే లోపల బొరియ ఉందన్నమాట. అక్కడ ఆగిపోయి బ్లాస్టర్‌ని పిలువు. అలాగే పోస్తూ పోతే రాయి ఫిరంగి గుండులా ఎగురుతుంది. ముందు వరస ఫేస్‌కి మరీ దగ్గరైనా, మందు పైన హోల్ మూతికి కూరే స్టెమ్మింగ్ తక్కువైనా అదే జరుగుతుంది.

ఎగిరిన రాయి ఎంత దూరం పోతుందో నీకిప్పుడు తెలియదు. నేను 300 మీటర్ల అవతల రేకుల షెడ్డు కప్పు చీల్చుకుని దిగిన రాయిని చూశాను. అప్పట్నుంచి 500 మీటర్ల లోపల మనిషి ఉంటే నేను పేల్చలేదు. సైరన్ వేశాం, ఎర్ర జెండాలు పెట్టాం కదా అని ఊరుకోకు. వేసవిలో జీడితోటల్లో పిక్కలు ఏరుకునే ఆడవాళ్ళు ఉంటారు, మేకలవాళ్ళు ఉంటారు. వాళ్ళకు సైరన్ రోజూ వినే చప్పుడే, లెక్కచెయ్యరు. కాపలా మనిషి వెళ్ళి, పిలిచి, బయటికి పంపి, తిరిగొచ్చి చెప్పాలి. ఊరివాళ్ళకు ముందు రోజే టైము చెప్పించు. ఆ టైము తప్పకు.

వైశాఖంలో మధ్యాహ్నం దాటాక కొండల మీద మబ్బు పట్టడం నీకు తెలిసిందే. మన జిల్లాల్లో ఏటా పిడుగులకు మనుషులు పోతూనే ఉన్నారు. నాన్‌ఎల్‌కి కరెంటు భయం లేదని ఎవరైనా అంటే నమ్మి నిలబడకు. పిడుగు నేరుగా పడితే ఏ డిటొనేటర్ అయినా పేలొచ్చు. దూరంగా ఉరిమినా, సగం కూరి ఉన్నా సరే, అందరూ దిగిపోవాలి. ఆ కాలంలో పొద్దున్నే కూరి, మధ్యాహ్నం లోపల పేల్చేసేలా పని పెట్టుకోండి.

ఇంకో సంగతి. నువ్వు ఆ పనిలో ఉన్నావని తెలిస్తే ఊళ్ళో స్నేహితులు వస్తారు. చెరువులో చేపలకని ఒకడు, చేలో పందులకని ఒకడు, "ఒక్కటే, ఎవరికీ తెలీదు" అంటారు. బంధువులే అడుగుతారు. నన్ను నా సొంత బావమరిది పెళ్ళి చేపల కోసం అడిగాడు. ఇవ్వనన్నానని రెండేళ్ళు మా గడప తొక్కలేదు. నేరం సంగతి ఎలాగూ ఉంది. దానికి ముందు ఆ ఒక్క డిటొనేటర్ ఎవరి గూట్లోనో మిగిలిపోయి, ఏ గుంటడి చేతికో దొరుకుతుంది. మ్యాగజైన్ (మందు దాచే గది) నుంచి తెచ్చినవి, వాడినవి, తిరిగి ఇచ్చినవి సాయంత్రానికి సరిపోవాలి. ఒక్కటి తేడా వచ్చినా ఇంటికి వెళ్ళకు, దొరికేదాకా వెతుకు.

డ్రిల్లింగ్ దుమ్ములో మాస్కు లేకుండా నిలబడకు, నీళ్ళు కొట్టించమని అడుగు. నా ఊపిరి మీ అమ్మకు తెలుసు, మెట్లెక్కితే ఆగి ఆగి ఎక్కుతాను. మీ అమ్మకు రోజూ పేల్చడం అయిపోగానే ఫోన్ చెయ్యి. పేల్చే ముందు మాత్రం ఫోన్ ఆఫీసులోనే పెట్టెయ్యి.

పరీక్షకు ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ కావాలి, దాని సంగతి ఇప్పుడే చూసుకో. నా రెగ్యులేషన్స్ పుస్తకం ఇక్కడే ఉంది, మార్జిన్లలో పెన్సిల్‌తో రాసుకున్నవి ఉన్నాయి. ఆదివారం సెలవు దొరికితే పొద్దున్నే బస్సెక్కి రా. మీ అత్త చోడి అంబలి కాచి ఉంచుతుంది. మిస్‌ఫైర్ పేజీలు, అదే పేలని హోల్స్ సంగతి, ఇద్దరం కూర్చుని చదువుదాం.

మీ మావయ్య