గట్టున చెట్లు సరే, నగలు తాకట్టు వద్దు

ప్రశ్న: మాది పాకాల మండలం. మూడున్నర ఎకరాల సొంత భూమి ఉంది. రెండెకరాల్లో తోతాపురి మామిడి, మిగతాది బీడు. నేను తిరుపతిలో ఒక ప్రైవేటు కాలేజీలో పనిచేస్తున్నాను. జీతం 34,000, ఇంటి ఖర్చు 24,000. అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం. పడమటి గాలికి ఏటా కాయ రాలిపోతోంది. అందుకని ఆ గట్టున సరుగుడు, బీడులో ఎర్రచందనం పెట్టాలనుకుంటున్నాను. కొత్త బోరు, కంచె, డ్రిప్, మొక్కలు అన్నీ కలిపి 5.5 లక్షలు అవుతాయి. ఎఫ్‌డీలో ఉన్న 2 లక్షలు తీసి, నగల మీద బ్యాంకులో తొమ్మిదిన్నర శాతానికి 2 లక్షలు, ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి 1.5 లక్షలు తెద్దామని ఆలోచన. మామిడి డబ్బు వచ్చినప్పుడల్లా తీరుస్తాను. సరేనా?

జవాబు: వద్దు. చెట్లు వద్దని కాదు, ఈ డబ్బుతో వద్దు. మీ ఉత్తరానికి ఇంత వివరంగా జవాబు రాయడానికి కారణం ఉంది. ఉద్యోగం ఒకచోట, భూమి మరోచోట ఉన్నవాళ్లు చాలామంది ఇదే తప్పు చేస్తున్నారు. నాటే రోజుకు ఎంతవుతుందో లెక్క వేస్తారు కానీ రెండో ఎండాకాలానికి ఎంత కావాలో వేయరు.

ముందు వడ్డీ సంగతి. బ్యాంకుకు ఏడాదికి 19,000, ఊళ్లో 36,000. రెండూ కలిపి 55,000. నాలుగేళ్లకు 2,20,000 కడతారు, అసలు 3.5 లక్షలు అలాగే ఉంటుంది. నాలుగేళ్లకు సరుగుడు కోతకు వస్తుంది కదా అనుకుంటున్నారేమో. గాలికి అడ్డంగా పెట్టిన చెట్లను అప్పు కోసం కొట్టేస్తే ఇక అడ్డు ఎక్కడిది? మళ్లీ మొదటికే వస్తారు. ఎర్రచందనంలో చేవ కట్టడానికి పాతికేళ్లు పడుతుంది. అప్పటికి మీ అమ్మాయికి నలభై దాటుతుంది. సొంత పొలంలోదే అయినా కొట్టాలన్నా, తరలించాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి. పైగా శేషాచలం చుట్టుపక్కల ఈ చెట్టుకు దొంగల భయం ఎంతో మీకు నేను చెప్పాలా? పాతికేళ్ల పంటకు నెలనెలా వడ్డీ కట్టే అప్పు తేవడం ఏ లెక్కన చూసినా తప్పే.

మామిడి డబ్బుతో తీరుస్తానంటున్నారు. 2025 సీజన్ అప్పుడే మరిచిపోయారా? ధర పడిపోయి, కిలోకు గుజ్జు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, తాను 4 రూపాయలు కలిపి 12 ఇప్పిస్తామని ప్రభుత్వం ప్రకటించాల్సి వచ్చింది. ఫ్యాక్టరీ గేట్ల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి ఆగాయి. రెండెకరాల తోతాపురిని నమ్ముకుని రెండు రూపాయల వడ్డీకి సంతకం పెడతాననడం నాకు చాలా బాధ కలిగిస్తోంది. అది ఏడాదికి 24 శాతం. ఏ చెట్టూ అంత వేగంగా పెరగదు.

ఇప్పుడు అసలు విషయం, ఎఫ్‌డీ. ఆ 2 లక్షలు మీకు ఖాళీగా పడి ఉన్న డబ్బులా కనిపిస్తున్నాయి. నా లెక్క వేరు. ఆరు నెలల ఇంటి ఖర్చు 1,44,000. భూమి ఉన్నవాళ్లు దానికి ఒక ఎండాకాలం ఖర్చు కూడా కలుపుకోవాలి. మోటారు కాలినా, నీళ్లు తగ్గి ట్యాంకరు తోలించాల్సి వచ్చినా, కూలీలు దొరకక ఎక్కువ ఇవ్వాల్సి వచ్చినా ఒక 50,000 చేతిలో ఉండాలి. కలిపితే 1,94,000. అంటే మీ ఎఫ్‌డీ మొత్తం ఆపద సొమ్మే. ప్రైవేటు కాలేజీ జీతం రెండు నెలలు ఆలస్యమైతే ఇల్లు నడిపేది అదే. దాన్ని 50,000 చొప్పున నాలుగు ఎఫ్‌డీలు చేసుకోండి. అవసరం వస్తే ఒకటి తీస్తే చాలు, మిగతా మూడింటి వడ్డీ పోదు.

పుత్తూరు వైపు నుంచి ఒకాయన మూడేళ్ల క్రితం నా దగ్గరికి వచ్చారు. ఆయనా ఇలాగే ఉన్నదంతా తీసి శ్రీగంధం పెట్టారు. మొదటి ఏడాది తోట కళకళలాడింది. రెండో ఏప్రిల్‌లో మోటారు కాలింది, అదే వారం వాళ్ల అమ్మగారు ఆసుపత్రిలో చేరారు. డబ్బు ఆసుపత్రికి పోయింది, మొక్కలకు నీళ్లు లేవు. ఆయన జేబులోంచి తీసి చూపించిన బ్యాంకు నోటీసు నాలుగు మడతల దగ్గరా చిరిగిపోయి ఉంది. నగల వేలం నోటీసు అది. తేదీ దాటి అప్పటికే పది రోజులు. తోటలో మిగిలినవి డ్రిప్ పైపులూ, ఎండిన పుల్లలూ. చేతిలో ఒక్క 50,000 ఉండి ఉంటే నగలూ మిగిలేవి, మొక్కలూ బతికేవి.

మీ అంచనాలో కొత్త బోరు ఉంది. మన జిల్లాలో వెయ్యి అడుగులు దింపినా దుమ్ము తప్ప నీళ్లు పడని బోర్లు ఎన్నో మీకు తెలుసు. నగలు పెట్టి బోరు వేయడం పందెం కాయడమే. ఉన్న బోరుతో ఎన్ని మొక్కలు బతుకుతాయో అన్నే పెట్టండి.

ఈ ఏడాదికి పడమటి గట్టు ఒక్కటి చాలు. గట్టు 300 అడుగులనుకుంటే ఆరడుగులకొకటి చొప్పున మూడు వరుసలకు 150 మొక్కలు. మొక్కలు ఎదురెదురుగా కాకుండా జిగ్‌జాగ్‌గా రావాలి. బయటి వరుసలో గ్లైరిసిడియా కొమ్మలు నాటండి, అవి అడిగితే ఊళ్లో ఊరికే ఇస్తారు. లోపల సరుగుడు, మధ్యమధ్య నేరేడు. గోడలా మరీ దట్టంగా వద్దు, కొంత గాలి వడకట్టినట్టు దూరిపోవాలి. పూర్తిగా ఆపితే అది పైనుంచి ఎగిరి అవతల సుడి తిరుగుతుంది. సరైన వరుస తన ఎత్తుకు పది రెట్ల దూరం దాకా గాలి జోరు తగ్గిస్తుంది. ఇరవై అడుగులు పెరిగితే 200 అడుగుల దాకా మీ మామిడికి రక్షణ. మామిడికీ వీటికీ మధ్య ఇరవై అడుగులు వదిలి, వేర్లు రాకుండా చిన్న కాలువ తీయించండి. చచ్చిన మొక్క చోట వెంటనే ఇంకొకటి పెట్టాలి. సందు ఉంటే గాలంతా అక్కడే దూసుకొచ్చి ఎదురుగా ఉన్న కొమ్మను విరిచేస్తుంది. దీనికంతటికీ నెలకు మిగిలే 10,000లో నాలుగైదు వేలు పక్కన పెడితే సరిపోతుంది. మిగతాది అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజుకు, రెండేళ్లే ఉంది.

ఇన్సూరెన్స్ గురించి మీరు ఒక్క మాటా రాయలేదు. లేకపోతే మొక్కల కన్నా ముందు కుటుంబానికంతటికీ హెల్త్ పాలసీ, మీ పేరున టర్మ్ పాలసీ తీసుకోండి. సన్న, చిన్నకారు రైతులకు ఉపాధి హామీ కింద మొక్కల పనులు మంజూరవుతున్నాయేమో మండల ఆఫీసులో అడగండి. ఎర్రచందనం మీద మనసు చావకపోతే మూడేళ్లాగి, మిగులు డబ్బుతో పావు ఎకరంలో పెట్టి, పొలంలో ఏముందో రాసే రెవెన్యూ రికార్డు అడంగల్‌లో నమోదు చేయించుకోండి.

ఈ ఆషాఢంలో గాలి సరిగ్గా ఏ మూల నుంచి కొడుతుందో గట్టు మీద నిలబడి చూసుకున్నాకే గుంతలు తీయించండి. ఊళ్లో డబ్బు సిద్ధం చేసి పెట్టుకున్నాయనకు మాత్రం అంతదాకా ఆగకుండా ఇవాళే ఫోన్ చేసి వద్దని చెప్పేయండి.