డాల్ఫిన్ల పేరుతో మన చేప కొనడం మానేస్తామంటే అది అన్యాయమా?

‘డాల్ఫిన్లనీ తిమింగలాలనీ కాపాడాలంటూ అమెరికా తన చట్టాన్ని మన సముద్రం మీద రుద్దవచ్చా? ప్రపంచ వాణిజ్య సంస్థ ఎందుకు ఊరుకుంటోంది? మన ప్రభుత్వం మళ్లీ కేసు వెయ్యాలా?’ అని అడిగారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ నిబంధన సరైనదే. నా కోపమంతా దాన్ని మన దగ్గర అమలు చేస్తున్న తీరు మీద.

నాది భీమిలి దగ్గర వేట మీద బతికిన కుటుంబం. చదువయ్యాక సముద్రపు సరుకు ఎగుమతి చేసే ఒక కంపెనీలో చాలాకాలం డాక్యుమెంట్ల పని చూశాను. అందుకే ఈ గొడవ నాకు పేపర్లో చదివి తెలిసింది కాదు.

సంగతి ఇది. అమెరికాలో 1972లో సముద్ర క్షీరదాల రక్షణ చట్టం వచ్చింది. తమ జాలర్లకు పెట్టిన కట్టడి లాంటిది లేని చోట పట్టిన చేపను దిగుమతి చేసుకోకూడదని అప్పుడే అందులో రాసుకున్నారు. దాన్ని అన్ని దేశాలకూ వర్తించేలా నియమాలు మాత్రం 2016లో గానీ రాలేదు. గడువు పొడిగిస్తూ పొడిగిస్తూ 2026 జనవరి 1 దాకా తెచ్చారు. 2025 సెప్టెంబరులో 46 దేశాలకు చెందిన 240 రకాల వేటలకు ‘మీ కట్టడి మాతో సమానంగా లేదు’ అని చెప్పేశారు. సరిగ్గా అదే సమయంలో మన రొయ్యల మీద సుంకాలు పెరిగాయి కాబట్టి టీవీల వాళ్లు రెండింటినీ కలిపి ఒకటే రచ్చ చేశారు. సుంకం వేరు, ఇది వేరు. సుంకం ఒక మనిషి సంతకంతో రాత్రికి రాత్రి మారిపోతుంది. ఈ చట్టానికి యాభై ఏళ్లు దాటాయి. చర్చకు పిలిచిన ప్రతి పెద్దమనిషీ ఈ తేడా తెలియకుండానే గంట మాట్లాడి వెళ్లిపోతుంటే చూడలేక టీవీ కట్టేశాను.

ఇక వాణిజ్య సంస్థ సంగతి. ఈ తగువు పుట్టింది మన దగ్గర కాదు, తూర్పు పసిఫిక్‌లో. అక్కడ పసుపు రెక్కల ట్యూనా గుంపులు డాల్ఫిన్ల గుంపుల కింద ఈదుతాయి. ట్యూనా కనబడకపోయినా పైన డాల్ఫిన్లు కనబడతాయి కాబట్టి, స్పీడు బోట్లతో వాటిని తరిమి, చుట్టూ పెద్ద వల వేసి, అడుగు బిగించి లాగేవాళ్లు. ట్యూనాతో పాటు డాల్ఫిన్లూ వచ్చేవి. వలలో చిక్కితే పైకొచ్చి ఊపిరి తీసుకోలేక చచ్చేవి. ఇలా మొత్తం అరవై లక్షలకు పైగా చచ్చాయని అంచనా. సామ్ లాబడ్ అనే జీవశాస్త్రవేత్త 1987లో అలాంటి ఒక పడవలో పనివాడిగా చేరి కెమెరాతో తీసిన దృశ్యాలు బయటికొచ్చాక అమెరికా జనం ట్యూనా డబ్బాలు కొనడం మానేస్తామన్నారు. పెద్ద కంపెనీలు 1990లో దిగొచ్చాయి. కోర్టు ఆదేశంతో అమెరికాకు మెక్సికో ట్యూనా రావడం ఆగిపోయింది.

మెక్సికో, ప్రపంచ వాణిజ్య సంస్థకు ముందున్న ఒప్పందమైన గాట్‌కు వెళ్లింది. 1991లో అక్కడి ప్యానెల్ మెక్సికోదే న్యాయమంది. ఎలా పట్టారన్నదాంతో పని లేదు, డబ్బాలో ఉన్న చేప ఒకటే కదా అన్నది వాళ్ల వాదన. ఈ వాదన నాకు ఎప్పటికీ మింగుడు పడదు. దొంగసొత్తు అని తెలిస్తే ఎంత చవగ్గా వచ్చినా బుద్ధి ఉన్నవాడు కొనడు. వస్తువు అదే అయినా అది వచ్చిన దారి వేరు. ఆ దారి చూసి వద్దనే హక్కు కొనేవాడికి ఉండి తీరాలి. ఆ తీర్పు అధికారికంగా ఆమోదం పొందనే లేదు. ‘డాల్ఫిన్లకు హాని లేకుండా పట్టింది’ అని డబ్బా మీద వేసే లేబుల్ గురించి మెక్సికో 2008లో మళ్లీ తగువు మొదలుపెట్టి, మధ్యలో గెలిచి, ఏడాదికి 16 కోట్ల డాలర్లకు పైగా ప్రతీకార సుంకాలు వేసుకునే అనుమతి కూడా తెచ్చుకుంది. చివరికి 2018 డిసెంబరులో అమెరికాయే గెలిచింది. ఎందుకంటే అప్పటికి ఆ లేబుల్ నిబంధనల్ని అన్ని సముద్రాలకూ, ప్రమాదం ఎంతుంటే అంత కట్టడి అన్నట్టు సరిచేసుకుంది.

మన కేసూ ఇలాంటిదే. సముద్రపు తాబేళ్ల పేరుతో అమెరికా రొయ్యలు ఆపితే భారత్, పాకిస్తాన్, మలేషియా, థాయిలాండ్ కలిసి కేసు వేశాయి. 1998లో మనం గెలిచామని గొప్పగా చెప్పుకున్నాం. ఆ తీర్పు ఏం చెప్పిందో చదివినవాళ్లు తక్కువ. తాబేళ్లను కాపాడాలనుకోవడం తప్పు అని అది చెప్పలేదు. కరీబియన్ దేశాలకు మూడేళ్లు గడువిచ్చి, వాళ్లతో కూర్చుని మాట్లాడి, మనకు నాలుగు నెలలే ఇవ్వడం తప్పంది. అమెరికా ఆ తేడా దిద్దుకోగానే, 2001లో మలేషియా మళ్లీ వెళితే ఓడిపోయింది. ఫలితం ఏమిటి? వలలో తాబేలు తప్పించుకునే ఏర్పాటు మన బోట్లలో సరిగ్గా లేదని 2019 నుంచి మన సముద్రపు రొయ్యకు అమెరికా తలుపు మూసేసింది. చెరువులో పెంచిన వనామీ వెళుతుంది, అంతే. మా ఆఫీసులో అమెరికా వెళ్లే ప్రతి రొయ్యల సరుకుకూ డీఎస్-2031 అనే ఫారం పెట్టేవాళ్లం, ‘ఇది చెరువు రొయ్య’ అన్న గడిలో గుర్తు పెట్టి. నెల్లూరు, భీమవరం చెరువులు ఆ గడి వల్ల బతికాయి. విశాఖ, కాకినాడ హార్బర్లలో ట్రాలర్ల మీద పనిచేసే కలాసీల గురించి ఎవరూ అడగలేదు. ఏటా చలికాలం వెళ్లేసరికి మా ఒడ్డుకు ఒలివ్ రిడ్లే తాబేళ్లు ఉబ్బిపోయి కొట్టుకొస్తూనే ఉన్నాయి. గెలిచిన కేసు వాటికీ పనికి రాలేదు, కలాసీలకూ పనికి రాలేదు.

ఇప్పుడు అసలు నేను చెప్పాలనుకున్నది.

కాలేజీ రోజుల్లో సెలవుల్లో మా మావయ్య ఫైబర్ తెప్ప మీద వేటకు వెళ్లేవాణ్ని. సాయంత్రం నైలాన్ వల వేసి, రాత్రంతా తెప్పలో పడుకుని, తెల్లారకముందే లాగడం మొదలుపెట్టేవాళ్లు. వంజరం, సూర కోసం వేసే వల అది. ఒకసారి సగం వల లాగేసరికి బరువు తగిలింది. పెద్ద సొర పడిందనుకుని అందరూ హుషారుగా లాగారు. నీళ్ల మీదికి రాగానే ఫూమని గట్టిగా ఊపిరి వదిలిన చప్పుడు. డాల్ఫిన్. తోక దగ్గర వల మూడు నాలుగు చుట్లు తిరిగి బిగుసుకుపోయింది. ముట్టె మీద నైలాన్ తాడు కోసుకుపోయి తెల్లటి గాటు, అందులోంచి నెత్తురు. కన్ను మా వైపే తిరిగి ఉంది. పైకి ఎక్కిద్దామంటే తెప్ప ఒరిగిపోతుంది. వదిలేద్దామంటే వల వదలదు.

మావయ్య ‘కత్తి తేరా’ అన్నాడు. ఇద్దరు ఆయన నడుం పట్టుకుంటే నీళ్లలోకి వంగి, ముందు ముట్టె మీద బిగుసుకున్న వల కళ్లు కోశాడు, అది ఊపిరి తీసుకోవాలని. తర్వాత రెక్క దగ్గర. తోక దగ్గరికొచ్చేసరికి అది ఒక్కసారి కొట్టింది, ఆయన మణికట్టు వాచిపోయింది. అయినా వదల్లేదు. వెనకాల ఉన్న కలాసీ ‘మావా, వల కొత్తది’ అన్నాడు. ‘పోతే పోనీరా, గంగమ్మ చూసుకుంటాది’ అని బెండ్లతో సహా బారెడు బారెడు కోసి పడేశాడు. అది వదులై కిందికి జారింది. మేమంతా చచ్చిందనే అనుకున్నాం. కాసేపటికి కాస్త దూరంలో మళ్లీ ఆ ఊపిరి చప్పుడు వినబడింది. కోసిన వల ముక్కలన్నీ ఏరి తెప్పలో వేయించాడు, నీళ్లలో వదిలితే ఇంకోదాన్ని చంపుతాయని.

ఆ వల అప్పుచేసి కొన్నది. సావుకారి తన డబ్బు తను ప్రతి వేట సరుకులోంచీ పట్టుకున్నాడు. అది ఎవరూ చేయగలిగింది లేదు. నన్ను ఇప్పటికీ కాల్చేది ఒడ్డుకు వస్తున్నప్పుడు మావయ్య అన్న మాట: ‘ఈ సంగతి ఒడ్డున ఎక్కడా అనకండి. కేసు అయిపోద్ది.’ ప్రాణం కాపాడిన మనిషి ఆ సంగతి దాచుకోవలసి వచ్చింది. మన వన్యప్రాణి రక్షణ చట్టం కూడా 1972దే. డాల్ఫిన్ అందులో మొదటి షెడ్యూల్‌లో ఉంది, వేటాడితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. అనుకోకుండా వలలో పడిన దానికీ వేటకీ తేడా ఉందని మా తీరంలో ఎవరూ వచ్చి చెప్పలేదు. అందరికీ తెలిసింది జైలు ఒక్కటే.

కొన్నేళ్లకు నేను ఆఫీసులో ఉండగా విదేశీ కొనుగోలుదారు నుంచి ఒక ప్రశ్నావళి వచ్చింది. ‘ఈ సరుకు పట్టిన వేటలో సముద్ర క్షీరదాలు వలలో పడ్డాయా? ఎన్ని? వాటిని ఏం చేశారు?’ మా పై అధికారి కనీసం హార్బరుకు ఒక ఫోన్ కూడా చేయించకుండా మూడు గళ్లలోనూ ‘లేవు’ అని నింపించి పంపేశాడు. మావయ్య తెప్ప గురించి చెప్పాను. ‘అవన్నీ రాస్తే సరుకు వెనక్కొస్తుంది’ అన్నాడు. అది ఒక్క కంపెనీ పద్ధతి అని నేననుకోను. మా తీరంలో పడవ నడిపే ఏ ముసలి సరంగునైనా కూర్చోబెట్టి అడగండి, వలలో డాల్ఫిన్ పడని మనిషి ఒక్కడు దొరకడు. కాగితాల మీద మాత్రం ఒక్కటీ పడదు.

అమెరికాలో వాళ్ల జాలరి ఏం చేస్తాడో చూడండి. ప్రమాదం ఎక్కువున్న వేటలకు నమోదు ఉంటుంది. వలలో పడి జంతువు గాయపడినా చచ్చినా, వేట నుంచి తిరిగొచ్చాక 48 గంటల్లో చెప్పాలి. చెప్పినందుకు, నియమాల ప్రకారం వేటాడుతున్న వాడి మీద కేసు ఉండదు. చెప్పకపోతేనే తప్పు. మన దగ్గర చెబితే భయం, చెప్పకపోతే హాయి. ఇలాంటి చోట ‘మీ కట్టడి మాతో సమానమని చూపించండి’ అంటే ఢిల్లీలోనో కొచ్చిలోనో కూర్చుని ఏం చూపిస్తారు? ఒక మాట ఒప్పుకోవాలి, ఆ ఒత్తిడి వల్లే మన శాస్త్రవేత్తలు సముద్రంలోకి వెళ్లి డాల్ఫిన్లు, తిమింగలాలు ఎన్ని ఉన్నాయో పెద్ద ఎత్తున లెక్కపెట్టే పనిలో పడ్డారు. కొనేవాడు అడగకపోతే ఆ సర్వేలకు డబ్బు వచ్చేదే కాదని నా గట్టి నమ్మకం. కానీ సముద్రంలో ఈదేవాటిని లెక్కపెట్టడం ఒకటి, వలలో చచ్చేవాటి లెక్క ఇంకొకటి. రెండోది జాలరి నోటి నుంచే రావాలి.

ఆ నోరు తెరిపించడం కష్టమేమీ కాదు. గుజరాత్‌లో ఒకప్పుడు తిమింగల సొరల్ని (వేల్ షార్క్‌లను) నూనె కోసం వేటాడేవాళ్లు. 2004 నుంచి అక్కడ ఊరూరా ప్రచారం చేసి, వల కోసి సొరను వదిలితే వల ఖరీదు అటవీ శాఖే ఇచ్చే ఏర్పాటు చేశారు. ఆ తర్వాత ఆ జాలర్లే వందల సొరల్ని వదిలిపెట్టారు. మహారాష్ట్రలో 2018 నుంచి డాల్ఫిన్, తాబేలు లాంటి రక్షిత ప్రాణుల కోసం వల కోసుకుంటే 25 వేల రూపాయల దాకా ఇస్తున్నారు. మన విశాఖ తీరంలోనే 2021 డిసెంబరులో తంతడి దగ్గర వలలో చిక్కిన తిమింగల సొరను జాలర్లు, అటవీ శాఖ వాళ్లు కలిసి నీళ్లలోకి పంపారు. మా మావయ్యకు మాత్రం వల డబ్బు ఇస్తారన్న మాటే చెవిన పడలేదు. పసిఫిక్‌లో కూడా దారి చూపింది జాలర్లే. డాల్ఫిన్ల ముట్టె ఇరుక్కోకుండా వలలో సన్నకన్ను భాగం కుట్టింది హెరాల్డ్ మెడీనా అనే ట్యూనా పడవ సరంగు. అక్కడ ప్రతి పెద్ద పడవ మీదా ఒక పరిశీలకుణ్ని పెట్టారు. 1986లో ఏడాదికి లక్ష దాటిన చావులు ఇప్పుడు వెయ్యి లోపే. కేసులు ఎవరు గెలిచినా ఓడినా ఈ పని మాత్రం పడవ మీదే జరిగింది.

ఇక మీ చివరి ప్రశ్న, మళ్లీ కేసు వెయ్యాలా అని. వద్దు. వేసినా తేలదు. ప్రపంచ వాణిజ్య సంస్థ అప్పీలు విభాగంలో సభ్యుల నియామకాన్ని అమెరికాయే అడ్డుకోవడంతో 2019 డిసెంబరు నుంచి అది పనిచేయడం లేదు. కింద గెలిస్తే ఓడినవాడు అప్పీలు వేసి కూర్చుంటాడు, వినేవాడు ఉండడు. లాయర్లకు పోసే డబ్బులో కొంత తీసి ప్రతి హార్బర్లో మత్స్యశాఖ గదిలో ఒక పుస్తకం పెట్టండి. డాల్ఫిన్ వలలో పడిందని వచ్చి చెప్పిన వాడి మీద కేసు ఉండదని, కోసిన వల ముక్క చూపిస్తే నెల లోపు డబ్బు బ్యాంకులో పడుతుందని తెలుగులో రాసి గోడకు అంటించండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, అందరూ ఒడ్డునే ఉంటారు. చెప్పాలంటే అంతకంటే మంచి సమయం లేదు. మీకు మత్స్యశాఖలో గానీ, సముద్రపు సరుకు ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ ఎంపెడాలో గానీ తెలిసినవాళ్లుంటే ఈ మాట వాళ్ల చెవిన వెయ్యండి.